చేతి తప్పా, జొన్న తప్పా

ఆ పొద్దు మాయమ్మ తట్టిన రొట్టె పెనం మీద మూడు ముక్కలైంది. మాయమ్మ దాన్ని చూసింది, నన్ను చూసింది, మళ్లా దాన్నే చూసింది. "ఏం మే, నీళ్లు సల్లగుండెనా?" అని అడిగింది. నీళ్లు తెర్లుతానే ఉండె. నేనే దించి పిండిలో పోసినా.

నంద్యాలలో బస్టాండుకు పోయే దోవలో మాది జొన్నరొట్టెల అంగడి. పెద్దదేం కాదు. రేకుల కింద రెండు పొయ్యిలు, ఒక బల్ల, రొట్టెలోకి నంజుకునేకి ఊరిబిండి గిన్నె, ఎర్రకారం గిన్నె. పొద్దు వాలినాక జనం వస్తారు. వచ్చినోళ్లు నన్ను పలకరించరు, "పెద్దమ్మ ఉండాదా?" అని అడుగుతారు. ఆమె తట్టిన రొట్టె పల్చగా, గుండ్రంగా, అంచు యాడా చీలకుండా వస్తాది. పెనం మీదేసి తడిగుడ్డతో తుడిస్తే అట్లనే పొంగుతాది. నేను ఎన్నేండ్లు తట్టినా నా రొట్టెకు అంచు విరుగుతాది. ఆ సంగతి నాకు తెలుసు, వచ్చేటోళ్లకూ తెలుసు. అందుకే పిండి కలిపేది నేను, కాల్చేది నేను, జనాన్ని కసురుకునేదీ నేనే. తట్టేది మాత్రం ఆమె.

జొన్న కూడా బయట కొనేది లేదు. ఆళ్లగడ్డ దగ్గర మా చేను ఉండాది, మా తమ్ముడు చేస్తాడు. ఊరంతా తెల్ల హైబ్రిడ్డుకూ శనగకూ పోయినా, మాయమ్మ పట్టుబట్టి వానితో పచ్చజొన్నే వేయిస్తాది. ఆ విత్తనం మా అవ్వ కాలం నించి మా ఇంట్లోనే నడుస్తాండాది. కోత కాంగానే తినేకి, అంగడికి, విత్తనానికి అన్నీ కలిపి మూటలు నంద్యాలకే పంపుతాడు. విత్తనానికి కావాల్సింది మాయమ్మ తన చేత్తో ఏరి మళ్లా వానికే పంపిస్తాది.

ఈ యేడు మూటలు దించుకునేటప్పుడే నాకు ఒక అనుమానం తగిలింది. ఎప్పుడూ ఇద్దరం పట్టుకుంటే గానీ లేవని మూటను నేనొక్కదాన్నే లాగేసినా. బలమొచ్చిందేమో అనుకోని మురిసిపోయినా. ఆ జొన్నే మరలో ఆడించి పిండి చేస్తే, మొదటి రొట్టె ముక్కలైంది. తర్వాతది అంచంతా చీలింది. ఆ తర్వాతది చెక్క మీద నించి ఎత్తంగానే చేతిలోనే తెగింది. మాయమ్మ చేతులు కడుక్కోని, కొంగుతో తుడుచుకోని, "చెయ్యి పోయింది మే" అనింది.

ఆ మాట ఆమె నోట నేనెప్పుడూ వినలే. మోకాళ్లు పోయినాయనింది, పండ్లు పోయినాయనింది, కండ్లకు ఆపరేషన్ అయినప్పుడు కూడా నవ్వుతానే ఉండె. చేతిని మాత్రం ఎప్పుడూ ఏమీ అనలే.

ముందు నాకు మరాయన మీద కోపమొచ్చింది. "పిండిని కాలబెట్టి పంపితివి, జిగురంతా చచ్చిపోయింది" అని పోయి అడిగినా. "అందరి పిండీ అదే మరలో ఆడిస్తాండా కదమ్మా, నీదొక్కటే ఎట్ల కాలుతాది?" అన్నాడు. ఆయన మాటా నిజమే. తర్వాత నీళ్ల మీద అనుమానమొచ్చి కొళాయి నీళ్లు మాని బావి నీళ్లు తెచ్చినా. గ్యాసు మాని కట్టెల పొయ్యి పెట్టినా. ఏది మార్చినా రొట్టె మారలే. చివరికి నేనే తట్టి చూసినా. విరిగింది. అయితే నాది ఎప్పుడూ విరిగేదే గదా, దాన్నిబట్టి ఏం తెలుస్తాది? నా చెయ్యి సాక్ష్యానికి పనికిరాదు.

మాయమ్మ చెక్క ముందర నించి లేచి ఉల్లిగడ్డల గంప దగ్గరికి పోయింది. ఇంక తట్టనని చెప్పలే, గమ్మున పోయి కూచునింది. నేను తట్టిన అంచు విరిగిన రొట్టెలే జనం తిన్నారు. "పెద్దమ్మకు బాగలేదా?" అంటే "చెయ్యి నొప్పి" అని చెప్తాంటి. ఆమె తల ఎత్తేది కాదు. ఒకసారి చూస్తే, కత్తి పక్కన పెట్టి, అరచేతిని ఒళ్లో పెట్టుకోని దాన్నే చూస్తాండాది. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చేకి బదులు, ఉల్లిగడ్డలు ఇంత లావు తరిగితే ఎవురు తింటారని ఆమెనే తిట్టినా.

పోయిన యేటి జొన్న మా తమ్ముని దగ్గర ఏమన్నా మిగిలిందేమో అడుగుదామని ఆళ్లగడ్డకు బస్సెక్కినా. అది దొరికితే ఆమెతో తట్టించి చూడచ్చు. పాత జొన్నతో మంచి రొట్టె వస్తే చెయ్యి బాగున్నట్టు. నా లెక్క అంతే.

ఇంటికి పోతే మా తమ్ముడు బర్రెలకు గడ్డి వేస్తాండాడు. చూస్తే వరిగడ్డి. మాకు వరి లేదు, కొన్నదే. దోవలో చేను పక్కగా వచ్చినప్పుడు చూసినా, జొన్న సొప్పంతా చేలోనే పడి ఉండాది.

"సొప్ప అంత పడి ఉంటే కొన్న గడ్డి యాల వేస్తాండావురా?" అన్నా.

"దాన్ని వేయగూడదు క్కా. మందు కొట్టినా గదా."

నాకు వెంటనే ఎక్కలే. మా పక్క అన్నీ మందే. జొరానికి వేసుకునేది మందు, పురుగుకు కొట్టేది మందు, విత్తనానికి పట్టించేది మందు, మొగోళ్లు తాగేదీ మందే. కోతకు ముందర ఫోన్లో "చేనుకు మందు కొట్టిచ్చినా మా" అని వాడు చెప్పినప్పుడు, పురుక్కి అనుకోని మాయమ్మ "మంచి పని చేసినావు నాయనా" అని కూడా అనింది.

"ఏం మందు?" అని ఇప్పుడడిగినా.

"గడ్డి మందు."

"జొన్నలో గడ్డి యాడుండెరా?"

"గడ్డికి కాదు క్కా. జొన్నకే."

కూలోళ్లంతా మిరపకాయలకు పోయినారంట. కోత మిషనాయన ఫోన్ చేసి చేను ఎండిందా అని అడిగినాడంట. లేదు, ఇంకా పచ్చగుండాదని వీడన్నాడంట. పచ్చి కర్రకు మిషన్ బిగుసుకుంటాది, గడ్డి మందు కొట్టిచ్చి పెట్టు, నేనొచ్చేసరికి ఎండుతాది, లేకుంటే నిన్నిడిసిపెట్టి వెలుగోడు పక్కకు పోతా అన్నాడంట. వీడు డ్రోన్ పిలిపించినాడు. డ్రోన్ గురించి చెప్పేటప్పుడు వాని మొగంలో సంతోషం చూడాల.

"కోసే ముందర జొన్నకే గడ్డి మందు కొడ్తివా?"

"మిషన్‌కు జొన్నే గడ్డి గదా క్కా" అన్నాడు.

వాన్ని రెండు తన్నాలనిపించింది. కానీ వాడు ఎగతాళికి అనలే, నిజంగానే అన్నాడు. చేను పండింది అనేదానికీ చేను ఎండింది అనేదానికీ మా నాయన కాలంలో నడుమ చానా దూరం ఉండేది. పండితే కోసుకుంటారు, ఎండితే తలకాయ పట్టుకుంటారు. మా తమ్మునికి రెండు మాటలూ ఒకటే అయిపోయినాయి.

"బర్రెలు తినగూడని దాన్ని మమ్మల్ని తినమని పంపితివా?"

"గింజలోకి పోదంట క్కా. మందులంగడాయన చెప్పినాడు."

"మరి సొప్పలోకి యాల పోతాది?"

"అదేమో. వేయొద్దన్నాడు, నేను వేయలే."

ఇద్దరికీ తెలీదు. పాత జొన్న ఒక్క చేరెడు కూడా మిగల్లేదంట. వచ్చేటప్పుడు వాడు గేటు దాకా వచ్చి, "అమ్మకు చెప్పొద్దు క్కా. ఆ విత్తనం నన్ను నమ్మి ఇచ్చింది" అన్నాడు. చెప్పకుంటే ఆమె చెయ్యి పోయిందనుకుంటాది, చెప్తే వాడు పోతాడు ఆమె దృష్టిలో. ఎటు తిరిగినా నాకు దెబ్బే.

మందులంగడి ఆళ్లగడ్డ బస్టాండు పక్కనే. పోయి ఆయన్నే అడిగినా. "ఎండేకి అందరూ కొడ్తాండారమ్మా, గింజకేం కాదు" అన్నాడు. డబ్బా ఇమ్మని, కండ్లద్దాలు పెట్టుకోని, ఆ చిన్న చిన్న అక్షరాలన్నీ కూడబలుక్కోని చదివినా. ఏ పంటలో ఎట్ల కొట్టాలో రాసుండాది. ఆ పేర్లలో జొన్న యాడా కనపడలే.

"దీంట్లో జొన్న పేరు లేదే అన్నా."

"వద్దని కూడా లేదు గదమ్మా" అన్నాడు.

డబ్బా ఆయన చేతికే ఇచ్చి బస్సెక్కినా. బస్సులో నంద్యాల వచ్చేదాకా జవాబులు తోస్తానే ఉండె, అప్పుడు చెప్పేకి ఎవురూ లేరు.

మా అంగడికి రొట్టెలకొచ్చే వ్యవసాయాఫీసు పాప ఒకామె ఉండాది. మాయమ్మకు ఇనపడకుండా ఆ పాపను పక్కకు పిలిచి అంతా చెప్పినా. ఆ పాప ఓపిగ్గా వినింది. "ఎప్పుడు కొట్టినారక్కా? గింజ గట్టిపడి, అడుగున నల్లచుక్క పడినాక కొట్టింటే ఒక మాట. పాల మీదున్నప్పుడో మెత్తగున్నప్పుడో కొట్టింటే చెట్టు ఆడికే నిలిచిపోతాది. గింజలోకి దిగాల్సింది దిగదు. పైకి ఎండినట్టే కనపడుతాది, లోపల తేలిపోతాది" అనింది.

"అయితే రొట్టె విరుగుతాదా?"

"విరగచ్చు. వేరే కారణాలు కూడా ఉండచ్చు."

"తినచ్చా?"

"పరీక్షకు పంపిస్తే గానీ నేను చెప్పలేనక్కా. మొలక వస్తాందో లేదో మాత్రం ఇంట్లోనే చూడచ్చు."

మా తమ్మునికి ఫోన్ చేసి నల్లచుక్క చూసినావా అని అడిగినా. మిషన్ ఎప్పుడొస్తాదో చూసినా గానీ గింజ చూడలే అన్నాడు.

తడిగుడ్డలో జొన్నలు కట్టి పెట్టినా. విప్పి చూస్తే కొన్ని మెత్తబడి వాసనొస్తాండాయి. కొన్నింటికి తెల్లగా మొలక వచ్చింది. వచ్చింది అనుకోని సంతోషపడి దగ్గర పెట్టుకోని చూస్తే, మొలకుండాది, కింద వేరు లేదు. నిలువుగా కాకుండా ముడుచుకోని ఉండాది. దీన్ని వచ్చిందనాల్నా, రాలేదనాల్నా? ఒకటి మాత్రం తెలిసింది. ఈ మూటల్లో వచ్చే యేటికి విత్తనం లేదు.

అయితే జొన్నదే తప్పు అని తేల్చేసుకుందామనుకున్నా. కానీ అదే పొద్దు మాయమ్మ నీళ్ల గ్లాసు ఎత్తితే నీళ్లు తొణికినాయి. నేను చూడకూడదని ఆమె రెండో చెయ్యి కూడా వేసి పట్టుకునింది. జొన్న బాగలేక రొట్టె విరిగిందా, చెయ్యి బాగలేక విరిగిందా, రెండూ కలిసి వచ్చినాయా?

సంతలో జొన్న కొనుక్కొచ్చి ఆడించినా. బలవంతాన మాయమ్మను చెక్క ముందర కూచోబెట్టినా. ముక్కలు కాలే, అంచు మాత్రం చీలింది. "చూడు, జొన్న మార్చినా అంతే గదా" అని ఆమె లేచిపోయింది. నేను ఊరుకోక అమ్మినాయన దగ్గరికి మళ్లా పోయి, "దీనికి కోతకు ముందర గడ్డి మందు కొట్టినారా?" అని అడిగినా. "నాలుగూర్ల జొన్న కలిసింటాది తల్లీ, ఎవురేం కొట్టినారో ఎట్ల చెప్పేది?" అన్నాడు. అంటే ఆ రొట్టె కూడా సాక్ష్యం కాదు. మందు పడలేదని గట్టిగా చెప్పగలిగే జొన్న ఈ ప్రపంచంలో యాడుండాది అని అక్కడే సంతలో నిలబడి ఆలోచించినా.

అప్పుడు గుర్తొచ్చింది. దేవుని దగ్గర ఉండాది.

మా ఊరి చర్చిలో కోత పండగని చేస్తారు. పండినదాంట్లో మొదటిది తెచ్చి బల్ల ముందర పెడ్తారు. గుమ్మడికాయలు, కోళ్లు, బియ్యం లాంటివన్నీ ఆరాధన అయినాక వేలం పాడేస్తారు. కంకుల కట్టను మాత్రం వేలానికి పెట్టరు. కిటికీకి కడ్తారు, వచ్చే యేడు కొత్తది వచ్చేదాకా అదట్లనే ఉంటాది. ఈ యేడు పండగకు మాయమ్మ మోకాళ్ల నొప్పితోనే తమ్ముని బండెక్కి చేనికి పోయింది. కాలువ గట్టు పక్క ముందుగా పండిన కంకులను చూసి, ఒక్కో కంకిలో ఒక గింజ తీసి పంటికింద కొరికి, గట్టిగుండేవే కోసింది. "దేవునికి పచ్చిది ఇయ్యగూడదు" అనింది. డ్రోన్ వచ్చింది ఆ తర్వాత.

మళ్లా ఆళ్లగడ్డ బస్సెక్కినా. సంచిలో కిలో బియ్యం పెట్టుకున్నా, వట్టి చేతుల్తో దేవుని దగ్గర అడిగేకి మొగం చెల్లక. పాస్టరమ్మగారు ఇంటి ముందర బట్టలు ఆరేస్తాండె.

"అమ్మగారూ, మేమిచ్చిన కంకుల కట్ట మళ్లా కావాల" అన్నా.

"దేవునికిచ్చినాక మళ్లా అడుగుతారా?" అని నవ్వింది.

"అమ్మ చేతి కోసం అమ్మగారూ."

అంతే, ఆమె ఇంకేం అడగలే. బట్టలు కింద పెట్టి, కండ్లు మూసుకోని, మాయమ్మ చేతిని స్వస్థపరచమని ప్రార్థన మొదలుపెట్టింది. మధ్యలో ఆపి విషయం చెప్పేదెట్ల? నేనూ తల వంచుకున్నా. ప్రార్థన చానా సేపు సాగింది. ఆమె గొంతులో అంత దయ ఉంటే, చెయ్యి బాగుండాదో లేదో తేల్చుకునేకే వచ్చినానని చెప్పేకి నాకు నోరు రాలే. ఆమేన్ అన్నా. ఆమె కిటికీ దగ్గరికి పిల్చుకపోయి కట్ట విప్పి ఇచ్చింది. "పిచ్చుకలు సగం తినేసినాయి, మిగిలింది తీస్కపో. బియ్యం ఎందుకమ్మా" అని బియ్యం కూడా తీసుకునింది.

నంద్యాలకొచ్చి కంకులు మాయమ్మ ముందర పెట్టి అంతా చెప్పేసినా. మిషన్ సంగతి, డ్రోన్ సంగతి, వేర్లు రాని మొలకల సంగతి. వాడు చెప్పొద్దన్నాడని కూడా చెప్పినా.

"చెప్పొద్దంటే ఎట్ల చెప్తివి మరి?" అనింది.

"నీ చెయ్యి పోయిందని ఊరికే కుళ్లిపోతాండావు గదా, అందుకు."

"వాడు బాగ తింటాండాడా?"

"తింటాండాడు. బర్రెలు కూడా తింటాండాయి. మనం తినేదే ఏందో తెలీకుండాది" అన్నా.

ఆమె కంకులు ఒళ్లోకి తీసుకోని అరచేతుల్తో నలిపింది. పొట్టు ఊదింది. చాటలో గింజలు రాలినాయి. ఒక గింజ తీసి నోట్లో వేసుకుంటే, మిగిలిన పండ్ల కింద టక్కుమని శబ్దమొచ్చింది. నాకూ ఇనపడింది. అన్నాళ్లకు ఆమె మొగం విప్పుకునింది.

నేను అటక మీద నించి ఇసుర్రాయి దించి కడిగి పెట్టినా. ఈ పిడికెడు గింజలు మరకు తీస్కపోయేకి కాదు. చాటలో చూస్తే సరిగ్గా ఒక్క రొట్టెకు వస్తాయి. ఆ ఒక్క రొట్టె చాలు. అంచు చీలకుంటే చెయ్యి బాగున్నట్టు, చీలితే ఇంక ఏం చేస్తాం, చెయ్యి పోయినట్టు. ఏదైనా ఒకటి తెలిస్తే చాలనిపించింది నాకు. తెలీకుండా ఉండేదే కష్టంగా ఉండె.

"రా, ఇసురుదాం" అన్నా.

"ఒక మెత్తని గుడ్డ తే" అనింది.

రాయి కింద పరిచేకనుకోని తెచ్చి ఇచ్చినా. ఆమె ఆ గుడ్డలో గింజలు పోసింది. చెయ్యి కొంచెం వణికింది, ఒకటి రెండు కింద పడినాయి. వంగి, వెతికి, వాటిని కూడా ఏరి గుడ్డలో వేసి, నాలుగు కొసలూ కలిపి ముడేసింది.

"ఏందీ నువ్వు చేసేది?"

"వానికి ఫోన్ చెయ్యి. విత్తనం ఉండాదని చెప్పు. ఒక్క సాలుకైనా వస్తాది. కోసేముందర నేనొస్తా, అంతదాకా మిషన్నూ గిషన్నూ పిలవద్దని చెప్పు."

"మరి నీ చెయ్యి సంగతి?"

"ఇసిరితే నా చెయ్యి సంగతి తెలుస్తాది. తెలుసుకోని ఏం చేసుకుంటావు మే? జొన్న పోతాది."

నాకు కోపమొచ్చింది. రెండు సార్లు బస్సెక్కి, దేవుని దగ్గర అడుక్కోని తెచ్చింది దీనికా అనిపించింది. ఆమె ముడిని పప్పుడబ్బా వెనక పెట్టి, వేపాకు తెచ్చి లోపలేయమని నాకే పని చెప్పింది. వేసినా. ఇసుర్రాయి మళ్లా అటకెక్కించినా.

ఆ మూటలు ఇప్పటికీ మూలనే ఉండాయి. అమ్మేకి మనసు రాదు, పారేసేకి చెయ్యి రాదు, వండేకి ధైర్యం లేదు. అంగడి సంత జొన్నతోనే నడుస్తాండాది. దానిమీద ఏం పడిందో నాకు తెలీదు, తినేటోళ్లకూ తెలీదు.

మొన్న ఒకాయన వచ్చి నా రొట్టె అంచు చూసి, ఏమీ అనకుండా తిని, చెయ్యి కడుక్కుంటా మాయమ్మ పక్కకు తిరిగినాడు. "పెద్దమ్మా, నీ చెయ్యి ఇంకా బాగు కాలేదా?" అని అడిగినాడు. నొప్పి అని చెప్పబోయినా. అంతలోకే ఆమె ఉల్లిగడ్డల మీద నించి తలెత్తింది.

"చెయ్యి బాగనే ఉండాది నాయనా" అనింది. "జొన్న రావాల."